కల్లు గురించి అపోహలు - వాస్తవాలు: తాళ్లెక్కేవాడి మాట

మా మేనల్లుడు జర్మనీలో చదువుతున్నాడు. ఇంట్లో తాగడానికి బీరు కాచుకుంటే అక్కడ నేరం కాదు. పోయిన చలికాలం వంటింటి పొయ్యి మీద పది లీటర్ల గిన్నె పెట్టి బీరు కాస్తూ నాకు ఫోన్‌లో చూపించాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పలుకుగా దంచి, 65 డిగ్రీలు దాటీ దాటని వేడినీళ్లలో గంటసేపు ఉంచాడు. వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి ఇంకో గంట మరిగించాడు. చల్లార్చాక ఈస్ట్ చల్లి రెండు వారాలు మూలకు పెట్టాడు. అంతా అయ్యాక అడిగాడు.

"మామా, నువ్వు కల్లుల ఏమేస్తవ్?"

"ఏమెయ్యనురా."

"మరి ఎట్ల పులుస్తది?"

వాడు గౌండ్లోళ్ల (కల్లు గీసేవాళ్ల) ఇంట్లో పుట్టి, తాటివనంలో ఆడుకుని పెరిగినవాడు. వాడికే ఆ సందేహం ఉందంటే బయటివాళ్లకు ఎన్ని ఉండాలి? రఘునాథపల్లి దగ్గర మా ఊళ్లో పాతికేళ్లుగా చెట్లు గీస్తున్నాను. ఈ పాతికేళ్లలో మండువలో (కల్లు పోసే చోట) కూర్చున్నవాళ్ల నోట నేను విన్నవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తున్నాను.

అపోహ: "ఏదో ఒక మందు కలపకపోతే కల్లు పులవదు."

బీరుకు పొయ్యి ఎందుకు కావాలో తెలిస్తే కల్లుకు ఎందుకు అక్కర్లేదో అర్థమవుతుంది. బార్లీ గింజలో ఉన్నది పిండి. ఈస్ట్ పిండిని తినలేదు, చక్కెరనే తింటుంది. గింజ మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మార్చాలి, ఆ మార్పు సరిగ్గా జరగడానికే ఆ 65 డిగ్రీల వేడి. తాటిచెట్టు మనకు చక్కెర నీళ్లే ఇస్తుంది. గొల (తాటి పూగుత్తి) నుంచి కారే నీళ్లలో నూటికి 10 నుంచి 13 పాళ్లు చక్కెర ఉంటుంది. ఇక కాచేది, మార్చేది ఏముంది?

ఈస్ట్ ఎక్కడి నుంచి వస్తుందంటారా? గాలిలో ఉంటుంది, గొల మీద ఉంటుంది, తీపికి వాలే ఈగల కాళ్లకు ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ లొట్టి (చెట్టుకు కట్టే మట్టికుండ) లోపలి మట్టి రంధ్రాల్లో ఉంటుంది. చుక్క లొట్టిలో పడ్డప్పటి నుంచే పులవడం మొదలు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలు, గ్యాసు వదులుతుంది. పాలను తోడుబెట్టే సూక్ష్మజీవుల జాతివే ఇంకొన్ని చేరి పులుపు తెస్తాయి. చెట్టు నుంచి కారేటప్పుడు నీళ్లలా తేటగా ఉన్నది కాసేపటికి పాలలా తెల్లబడటానికీ కారణం ఇవే. కోట్ల కొద్దీ పెరిగి నీళ్లలో తేలుతుంటాయి. "తెల్లగున్నది, పాలపొడి కలిపిండు" అని నన్ను ముఖం మీదే అన్నవాళ్లున్నారు. అసలు కల్లు తెల్లగానే ఉంటుంది.

మరి మా పనితనం ఎక్కడుంది? కత్తిలో, లొట్టిలో. పోతుతాడుకైతే (మగ తాటిచెట్టుకైతే) గొలలను కట్టి, మెత్తగా ఒత్తి, కొనను తమలపాకు మందంలో గీయాలి. మందంగా గీస్తే గొల తొందరగా అయిపోతుంది. మరీ పలుచగా గీస్తే కోసిన చోటు మూసుకుపోయి చుక్క రాదు. పొద్దున, పగలు, మాపు, మూడు పూటలా చెట్టెక్కాలి. పెళ్లయినా చావైనా ఒక్కరోజు తప్పామంటే గొల ఎండుతుంది. దించిన లొట్టిని కడిగి, వేడినీళ్లు తిప్పి, ఎండకు బోర్లించాలి. మా నాయన లొట్టిలో ముక్కు పెట్టి చూసి, పుల్లటి వాసన ఏమాత్రం తగిలినా దాన్ని పక్కన పెట్టేవాడు. పాత పులుపు మిగిలిన లొట్టిలో పడితే ఎంత మంచి చెట్టు కల్లైనా మధ్యాహ్నానికే చెడుతుంది.

అపోహ: "రేపటికి ఉంచితే నిషా పెరుగుతది."

పెరగదు, పుల్లబడుతుంది. ఉన్న చక్కెరను బట్టే ఆల్కహాలు. దించిన కొన్ని గంటల్లో అది మామూలుగా 4 నుంచి 6 శాతం మధ్యకు చేరి అక్కడ ఆగిపోతుంది. చక్కెరలో కొంత పులుపుకే పోతుంది. ఆ తర్వాత గాలి తగిలే కొద్దీ ఇంకో రకం బ్యాక్టీరియా ఆల్కహాలునే తిని వెనిగర్‌గా మారుస్తుంది. మరునాటి కల్లు గొంతులో గీరుతుంది, కడుపులో మండుతుంది. ఆ మంటనే చాలామంది నిషా అనుకుంటారు. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకైతే పొద్దటి కల్లు మాపటికే ఆ దారి పడుతుంది. చలికాలపు ఈతకల్లు రాత్రంతా చల్లగా కారుతుంది కాబట్టి పొద్దున దించినప్పుడు ఇంకా తియ్యగానే ఉంటుంది. మా వైపు డిసెంబరు, జనవరి పొద్దుల్లో వనం దగ్గర జనం నిలబడేది ఆ తీపి కోసమే.

అపోహ: "పొద్దటి కల్లుల నిషా ఉండది, పిల్లలకు పోయొచ్చు, బాలింతలకు మంచిది."

తియ్యగా ఉందంటే ఆల్కహాలు లేదని కాదు, ఇంకా తక్కువగా ఉందని. రాత్రి కట్టిన లొట్టిలో తెల్లారేసరికి పులవడం మొదలై ఉంటుంది. మా చిన్నప్పుడు మాకూ రేకలో (తాటాకు దొప్పలో) ఇంత పోసేవాళ్లు, తెలియక పోశారు. నేను నా పిల్లలకు పోయలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు కల్లు ముట్టవద్దు. మండువలో ఎవరైనా పిల్లవాడికి పట్టబోతే రేక లాక్కుంటాను, వాళ్లు ఏమనుకున్నా సరే.

అపోహ: "నీరా వేరే చెట్టుది, కల్లు వేరే చెట్టుది."

చెట్టు ఒకటే, నీళ్లూ ఒకటే. లొట్టి లోపల సున్నం పూసి కడితే సూక్ష్మజీవులకు ఆ నీళ్లు పడవు, పులవడం ఆగుతుంది. పొద్దు పొడవక ముందే దించి వెంటనే చల్లబరిస్తే అది నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచాక పట్నం వాళ్లకు ఈ పేరు తెలిసింది. కల్లు మానుకున్నవాళ్లూ తాగగలిగేది ఇదే. కానీ చల్లదనం తప్పితే నీరా కల్లయిపోతుంది, దానికి గంటలే చాలు. నీరాను పొయ్యి మీద మరిగిస్తే తాటిబెల్లం వస్తుంది. 8 నుంచి 10 లీటర్లు మరిగిస్తే కిలో. మా వృత్తిలో పొయ్యి వెలిగేది ఆ బెల్లానికే.

అపోహ: "ఊరి కల్లు సప్పగుంటది, పట్నం కల్లు గట్టిగుంటది."

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను.

ముందు చెట్లను లెక్కపెట్టుకోండి. పోతుతాడు చలికాలం చివర నుంచి గీతకు వస్తుంది. పండుతాడు (కాయలు కాసే ఆడ తాటిచెట్టు) ముంజల కాలంలో, ఎండల్లో వస్తుంది. ఈత చలికాలంలో బాగా పారుతుంది. వానాకాలం వచ్చిందంటే మాకు పని సన్నగిల్లుతుంది. ఎంత మంచి చెట్టైనా రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. చుట్టుపక్కల కనుచూపు మేర ఒక్క తాడు లేని చోట, ఏడాది పొడవునా, వానల్లో కూడా, పొద్దంతా వందల సీసాలు అమ్ముడుపోతున్నాయంటే అవి ఏ చెట్టు నుంచి దిగాయి?

అందులో ఉన్నది నీళ్లు, తీపికి శాకరిన్, తెలుపుకు, నురుగుకు ఇంకేదో. నిషాకు క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, అల్ప్రాజోలం. ఇవి నిద్రమందులు, నరాలను మందగింపజేసే మందులు. డాక్టరు చీటీ మీద కొలిచి ఇవ్వాల్సినవాటిని డ్రమ్ముల్లో గుప్పిళ్ల లెక్కన కలుపుతారు. ఒక సీసాలో ఎక్కువ పడుతుంది, ఇంకో సీసాలో తక్కువ. తాగినవాడికి నాలుక మడతపడుతుంది, మెడ వంకరపోతుంది, మోతాదు మించితే ఊపిరే ఆగుతుంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లుకు మనుషులు చనిపోయారు. పరీక్షలో బయటపడింది అల్ప్రాజోలమే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ మందు కల్లుకు ఏళ్ల తరబడి అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. ఊళ్లలో గాలి సోకిందని మంత్రగాళ్ల దగ్గరికి తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు. అది గాలి కాదు. మందు ఒంట్లోకి రాకపోవడం వల్ల వచ్చే జబ్బు. ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలు కనపడితే వరంగల్ ఎంజీఎంకో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో తీసుకుపోయి, ఏం తాగేవాడో దాచకుండా చెప్పండి. డాక్టర్లు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించగలరు.

నా దగ్గర ఒకాయన రేక తాగి "ఇది ఎక్కుతలేదు" అని వెళ్లిపోయాడు. ఆయనకు ఎక్కాల్సింది కల్లు కాదని నాకు అప్పుడే అర్థమైంది. రెండేళ్లకు ఆయన కొడుకు వచ్చి ఆసుపత్రి సంగతులు చెప్పి ఏడ్చాడు. మందు కల్లు అమ్మేవాడు తాగేవాడి ప్రాణం తీస్తున్నాడు, చెట్టెక్కేవాడి బతుకూ తీస్తున్నాడు.

అపోహ: "నురుగు ఎక్కువుంటే అసలు కల్లు."

అసలు కల్లుకు నురుగు ఉంటుంది, అది పులిసేటప్పుడు పుట్టే గ్యాసు. బుడగలు అడుగు నుంచి సన్నగా లేస్తుంటాయి, పైనున్న నురుగు కాసేపటికి కూర్చుంటుంది. సబ్బు నురుగులా గట్టిగా నిలిచి ఎంతకీ దిగకపోతే అనుమానపడండి. అయితే మందు కల్లును కంటితో చూసి గుర్తుపట్టగలమని మాత్రం ఎవరూ ధీమా పడొద్దు. చెట్టు కింద నిలబడి, దించిన లొట్టి నుంచి పోయించుకోవడమే నమ్మకం.

అపోహ: "కల్లు తాగితే కిడ్నీల రాళ్లు కరుగుతయ్."

కల్లు అమ్ముకుని బతికే నేనే చెబుతున్నాను, కరగవు. ఏ ఆల్కహాలైనా మూత్రం ఎక్కువ పోయిస్తుంది, అది చూసి మందు పనిచేస్తోంది అనుకుంటారు. దానివల్ల ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, రాళ్లున్నవాడికి అదే చేటు. రాళ్లున్నవాళ్లు నీళ్లు బాగా తాగాలి, డాక్టరును కలవాలి. షుగరు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు కూడా "చెట్టుది కదా" అని తాగొద్దు.

అపోహ: "చక్కెర నీళ్లల్ల ఈస్ట్ వేస్తే ఇంట్లనే కల్లు అయితది."

మత్తునీళ్లు అవుతాయేమో, కల్లు కాదు. పైగా ఇక్కడ మత్తు పానీయం తయారుచేయాలంటే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. మేనల్లుడి దేశంలో చెల్లింది మన వంటింట్లో చెల్లదు. మేమూ ఊరికే చెట్టెక్కం. గీత సహకార సంఘంలో సభ్యత్వమో, టీఎఫ్‌టీ (గీసేవాడికే చెట్టు) పథకం కింద లైసెన్సో ఉండాలి.

అపోహ: "అలవాటైన గౌండ్లాయన చెట్టు మీది నుంచి పడడు."

మా నాయన నలభై ఏళ్లు ఎక్కి పడ్డాడు. మోకు (మానుకు చుట్టే పగ్గం) మంచిదే, ముస్తాదు (నడుముకు కట్టే పట్టా) మంచిదే. మాఘమాసం పొద్దున మంచు పట్టిన మాను మీద కాలు జారింది. నడుము విరిగి తొమ్మిదేళ్లు మంచంలో ఉన్నాడు. అరవై అడుగుల చెట్టు మీద అనుభవం జారుడును ఆపలేదు. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. జారినా పగ్గం పట్టి ఆపేలా ఉంటాయి. మా వాళ్లలో కొందరు "అడ్డంగున్నది, యాళ్ల అయితున్నది" అని ఇంట్లో తగిలించి పోతున్నారు. తమ్ముళ్లూ, చెట్టుకు ఇంకో ఐదు నిమిషాలు పట్టనివ్వండి. వేసుకుని ఎక్కండి.

అపోహ: "గీస్తే చెట్టు చస్తది."

తాడుకు మనం గీసేది గొలను, మానును కాదు. మా తాత గీసిన తాళ్లు నేనూ గీస్తున్నాను. ఈత సంగతి వేరు. అక్కడ మొవ్వు (చెట్టు నెత్తిన లేత చిగురు) కింద మెత్తని మానునే చెక్కాలి. ఒక ఏడు ఒక పక్క చెక్కితే మళ్లీ ఏడు ఎదుటి పక్క చెక్కాలి, నడుమ ఆరనివ్వాలి. ముసలి ఈతచెట్టు మాను మీద అటు ఇటు మెట్లలా కనపడే గాట్లు ఆ లెక్కే. ఆశకు పోయి లోతుగా చెక్కితే మొవ్వు తగిలి చెట్టు పోతుంది, దానికి ఉన్నది ఒక్కటే మొవ్వు. తాడును నాటితే గొల వేయడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. అప్పటిదాకా అది పోతో పెంటో కూడా తెలియదు. మా చెరువు కట్ట మీద నేను పెట్టిన గింజలు ఇప్పుడు నడుమెత్తు కమ్మలేశాయి.

మేనల్లుడు ఫిబ్రవరిలో వస్తానన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పొద్దెక్కక ముందు రండి. ఇంటికి పట్టుకుపోవాలంటే సీసాను ముప్పావు వంతే నింపుకుని, మూత వదులుగా పెట్టుకోండి. కల్లు దారి పొడవునా పులుస్తూనే ఉంటుంది, బిగించిన సీసా బస్సులో పగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పులవడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు, మూత అక్కడా వదులుగానే ఉండాలి.