సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఊరికే వదులుకోదు

వాయు స్థితిలో ఉన్న ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఊడబెరకాలంటే 496 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. ఆ ఎలక్ట్రాన్లను ఒక మోల్ క్లోరిన్ పరమాణువులకు ఇస్తే తిరిగి వచ్చేది 349 కిలోజౌళ్లే. అంటే ఎలక్ట్రాన్ చేతులు మారినంత మాత్రాన మిగిలేది 147 కిలోజౌళ్ల నష్టం. "అష్టకం, అంటే బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు, పూర్తి చేసుకోవడానికి సోడియం ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది" అని పరీక్షలో రాస్తే మార్కులు పడతాయేమో గానీ, ఉప్పు ఎందుకు ఏర్పడిందో మాత్రం తెలియదు. పరమాణువులకు కోరికలు ఉండవు. మొత్తం శక్తి తగ్గే దారి ఉంటేనే బంధం నిలుస్తుంది. ఆ దారి ఎటు ఉందో అష్టక నియమం చాలాసార్లు సరిగ్గానే చూపిస్తుంది, కానీ కారణం అది కాదు.

ముందు ఎలక్ట్రాన్ మీద కేంద్రకానికి ఎంత పట్టు ఉందో చూద్దాం. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లున్నా, లోపలి పది ఎలక్ట్రాన్లు అడ్డుపడటం వల్ల బయటి 3ఎస్ ఎలక్ట్రాన్‌కు ఆ ఆవేశమంతా అందదు. ఎంత అందుతుందో స్లేటర్ నియమాలతో అంచనా వేయొచ్చు. ఎస్, పి ఎలక్ట్రాన్లకైతే అదే కర్పరంలోని ఒక్కో తోటి ఎలక్ట్రాన్‌కు 0.35, దాని కింది కర్పరంలోని ఒక్కోదానికి 0.85, ఇంకా లోపలివాటికి 1 చొప్పున కేంద్రక ఆవేశం నుంచి తీసేయాలి. సోడియంలో 8 × 0.85 + 2 = 8.8 పోగా మిగిలేది 2.2. క్లోరిన్‌లో 6 × 0.35 + 8 × 0.85 + 2 = 10.9 పోగా మిగిలేది 6.1. రెండింటిలోనూ బయటిది మూడో కర్పరమే, అయినా క్లోరిన్ పట్టు దాదాపు మూడింతలు. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఏడు తోటి ఎలక్ట్రాన్లను లెక్కించడం. మనం చూస్తున్న ఎలక్ట్రాన్ తనకు తాను అడ్డుపడదు కాబట్టి తోటివి ఆరే.

ఇప్పుడు ఘన సోడియం, క్లోరిన్ వాయువుల నుంచి ఒక మోల్ ఉప్పు తయారైతే ఖర్చెంతో చూద్దాం. లోహాన్ని ఆవిరి పరమాణువులుగా విడదీయడానికి 107 కిలోజౌళ్లు. క్లోరిన్ అణువుల బంధం తెంచడానికి 121. పట్టికలో కనిపించే 242 అనేది ఒక మోల్ అణువులకు సంబంధించినది, మనకు కావలసింది అర మోలే. ఆ సగం చేయడం మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది. ఈ రెండింటికి 496 కలిపి, 349 తీసేస్తే నికర ఖర్చు 375. దీన్ని తీర్చేది జాలక శక్తి. విడివిడి అయాన్లు దగ్గరికొచ్చి స్ఫటికంగా పేరుకున్నప్పుడు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. 787 లోంచి 375 పోతే 412. కొలిచిన సంశ్లేషణోష్ణం, అంటే మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడేటప్పుడు వెలువడే వేడి, 411. ఆ ఒక్కటి తేడా అంకెలను సవరించడం వల్ల వచ్చింది.

ఆ 787 ఎక్కడి నుంచి వస్తుందో దగ్గరగా చూస్తే అయానిక పదార్థమంటే ఏమిటో అర్థమవుతుంది. స్ఫటికంలో సోడియం, క్లోరైడ్ అయాన్ల మధ్య దూరం 282 పికోమీటర్లు. ఆ దూరంలో ఒక్క జత అయాన్ల మధ్య ఆకర్షణ మోల్‌కు సుమారు 493 కిలోజౌళ్లు. కానీ సోడియం అయాన్ చుట్టూ ఒకటి కాదు, ఆరు క్లోరైడ్‌లు ఉంటాయి. వాటి తర్వాతి వరుసలో 12 సోడియం అయాన్లు వికర్షిస్తాయి, ఆ తర్వాత 8 క్లోరైడ్‌లు ఆకర్షిస్తాయి. ఇలా స్ఫటికమంతా కూడుకుంటూ పోతే ఒక జత ఆకర్షణకు 1.748 రెట్లు, అంటే సుమారు 860 వస్తుంది. ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల అందులో 70కి పైగా తగ్గి 787 దగ్గర నిలుస్తుంది. కాబట్టి ఉప్పు గడ్డలో "సోడియం క్లోరైడ్ అణువు" కోసం వెతకడం వృథా. ఏ సోడియం ఏ క్లోరైడ్‌కూ ప్రత్యేకంగా చెందదు.

సోడియం రెండో ఎలక్ట్రాన్ ఎందుకు పోగొట్టుకోదన్న ప్రశ్నకూ ఇదే జవాబు. రెండోది కేంద్రకానికి దగ్గరి కర్పరంలోది, దాని ధర 4562 కిలోజౌళ్లు. ఏ జాలకమూ అంత తిరిగి ఇవ్వలేదు. మెగ్నీషియానికి మొదటి రెండు ఎలక్ట్రాన్ల ధర 738, 1451. మూడోది ఒక్కసారిగా 7733కు ఎగబాకుతుంది. అందుకే అది రెండు దగ్గర ఆగుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో రెండేసి ఆవేశాలు ఎదురెదురు కావడంతో ఆకర్షణ నాలుగింతలవుతుంది, దూరం కూడా తక్కువే. ఉప్పు 801 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే ఇది సుమారు 2850 వరకు కరగదు.

కార్బన్ నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు తీయాలంటే మొత్తం 14,280 కిలోజౌళ్లు కావాలి. అంత ఖర్చు భరించే దారి లేదు కనుక అది ఎలక్ట్రాన్లను పంచుకుంటుంది. పంచుకున్నా శక్తి తగ్గుతుంది. రెండు హైడ్రోజన్ పరమాణువులు 74 పికోమీటర్ల దూరానికి వస్తే 436 కిలోజౌళ్లు విడుదలవుతాయి. ఇంకా దగ్గరికి నెడితే కేంద్రకాల వికర్షణ పైచేయి సాధిస్తుంది. బంధం తెగితే శక్తి వస్తుందన్న అపోహ చాలామందిలో ఉంది. తెంచడానికి ఎప్పుడూ శక్తి పెట్టాలి. హైడ్రోజన్, క్లోరిన్ కలిసే చర్యలో తెంచడానికి 436 + 242 = 678 ఖర్చు. రెండు మోళ్ల హైడ్రోజన్ క్లోరైడ్‌లో కొత్త బంధాల వల్ల 2 × 431 = 862 రాబడి. వేడిగా బయటికొచ్చేది 184 కిలోజౌళ్ల తేడా మాత్రమే.

బయటి ఎలక్ట్రాన్లను చుక్కలుగా చూపే లూయిస్ చుక్కల నిర్మాణాల్లో తప్పులు ఎక్కువగా మొదటి అడుగులోనే, అంటే ఆ ఎలక్ట్రాన్లను లెక్కపెట్టడంలోనే జరుగుతాయి. కార్బనేట్ అయాన్‌కు కార్బన్ నుంచి 4, మూడు ఆక్సిజన్ల నుంచి 18, రెండు ఋణావేశాలకు 2, మొత్తం 24. ఋణావేశమంటే కలపాలి, ధనావేశమంటే తీసేయాలి. మూడు ఏకబంధాలకు 6 పోగా మిగిలిన 18 ఆక్సిజన్ల చుట్టూ సరిపోతాయి, కానీ కార్బన్ చుట్టూ ఆరే ఉంటాయి. ఒక ఆక్సిజన్ మీది ఒంటరి జంటను (బంధంలో లేని రెండు ఎలక్ట్రాన్లను) ద్విబంధంగా మారిస్తే పని పూర్తవుతుంది. ఏ ఆక్సిజన్‌ను ఎంచుకున్నా ఫరవాలేదు. కొలిస్తే మూడు బంధాలూ సమానంగా, సుమారు 129 పికోమీటర్లే ఉంటాయి. ఆ మూడు బొమ్మలు కలిస్తేనే అసలు అయాన్.

ఋణవిద్యుదాత్మకత అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే సామర్థ్యం. రెండు పరమాణువుల మధ్య దాని తేడా 1.7 దాటితే అయానిక బంధం అన్న సూత్రాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో తేడా 1.78, అయినా అది 20 డిగ్రీల లోపే మరిగిపోయే అణు పదార్థం. లిథియం అయొడైడ్‌లో తేడా 1.68, అయినా అది అయాన్ల స్ఫటికమే. అష్టకానికీ ఇలాంటి హద్దులున్నాయి. నైట్రిక్ ఆక్సైడ్‌లో వేలన్సీ (బయటి కర్పరపు) ఎలక్ట్రాన్లు 11. బేసి సంఖ్య కాబట్టి ఎలా పంచినా రెండు పరమాణువులకూ ఎనిమిది రావు. ఆక్సిజన్ అణువుకు చుక్కల బొమ్మ చక్కగా కుదురుతుంది, ఎలక్ట్రాన్లన్నీ జతలుగా కనిపిస్తాయి. కానీ ద్రవ ఆక్సిజన్‌ను అయస్కాంతం ఆకర్షిస్తుంది, అంటే అందులో జతకూడని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. అవి ఎక్కడున్నాయో చెప్పడానికి చుక్కలు చాలవు, ఎలక్ట్రాన్లు అణువంతటా పరుచుకుంటాయని చూసే అణు ఆర్బిటాల్ సిద్ధాంతం కావాలి.