పరీక్షించేది ఒకరు, వాడేది మరొకరు

2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10 వెర్షన్ 1809ను విడుదల చేసింది. వారం తిరక్కుండానే పంపిణీ ఆపేసింది. అప్‌డేట్ వేసుకున్న కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. అప్పటికే ఆ వెర్షన్‌ను విండోస్ ఇన్‌సైడర్లు, అంటే ముందుగా వాడి చూస్తామని ముందుకొచ్చినవారు, నెలల తరబడి నడుపుతున్నారు. వారి సంఖ్య కోటి దాటిందని కంపెనీ అంతకుముందే ప్రకటించింది. అంతమంది చేతుల్లోంచి ఇంత పెద్ద తప్పు ఎలా జారిపోయిందో అర్థం కావాలంటే ముందు ఆ తప్పును దగ్గరగా చూడాలి.

సీ డ్రైవ్ నిండిపోయినప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ తెరిచి, మూవ్ నొక్కి, డీ డ్రైవ్‌లో కొత్త చోటు చూపిస్తారు. పాత ఫైళ్లను కూడా అక్కడికి తరలించమంటారా అని విండోస్ అడుగుతుంది. ‘నో’ అంటే పాతవి సీలోనే ఉండిపోతాయి, కొత్తవి డీలోకి వెళ్తాయి. ఇలా దారి మళ్లించుకున్న కొందరికి అంతకుముందరి వెర్షన్ 1803లో ఖాళీ నకలు ఫోల్డర్లు కనబడసాగాయి. ఫిర్యాదులు వచ్చాయి. ఆ నకళ్లను తొలగించే కోడ్‌ను 1809లో చేర్చారు. ఆ కోడ్ పాత చోటున్న ఫోల్డర్‌ను తీసేసింది, లోపల ఫైళ్లున్నా సరే తీసేసింది. ఖాళీ ఫోల్డర్‌ను మాత్రమే తొలగించే ఆదేశం విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది. లోపల ఒక్క ఫైలున్నా అది పనిచేయకుండా ఆగిపోతుంది. ఆ ఒక్క జాగ్రత్త ఉంటే నష్టం జరిగేది కాదు.

ఈ బగ్, అంటే కోడ్‌లోని లోపం, బయటపడాలంటే రెండు షరతులు కలవాలి. ఫోల్డర్‌ను ఎప్పుడో దారి మళ్లించి ఉండాలి, పాత చోట ఫైళ్లు మిగిలి ఉండాలి. ఇది ఏళ్ల తరబడి ఒకే కంప్యూటర్‌తో సర్దుకుపోయేవారి పరిస్థితి. బీటాలో, అంటే విడుదలకు ముందరి పరీక్ష వెర్షన్‌లో, చేరేవారు తరచూ విడిగా ఉంచిన మెషీన్ మీదో, వర్చువల్ మెషీన్‌లోనో (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) వేసి చూస్తారు. అసలు పని ఫైళ్లను బీటా దరిదాపుల్లోకి రానివ్వరు. అలా చేయమనే అందరూ సలహా ఇస్తారు, అది సరైన సలహానే. కానీ ఆ జాగ్రత్త వల్లే పదేళ్ల చెత్త పేరుకున్న డ్రైవ్ మీద కోడ్ ఎలా నడుస్తుందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

అలాగని ఇన్‌సైడర్లలో ఒక్కరికీ ఇది ఎదురుకాలేదనుకుంటే పొరపాటు. ఫైళ్లు పోయాయని ఫీడ్‌బ్యాక్ హబ్‌లో, అంటే ఫిర్యాదులు రాసే మైక్రోసాఫ్ట్ యాప్‌లో, విడుదలకు నెలల ముందే కొందరు రాశారు. అక్కడ ఫిర్యాదులు ఓట్ల లెక్కన పైకి వస్తాయి, వీటికి ఓట్లు పడలేదు. ఫైళ్లు పోయాయన్న ఫిర్యాదులు మొత్తం ఇన్‌స్టాల్‌లలో శాతంలో నూరో వంతేనని, అంటే పదివేలలో ఒకటేనని, కంపెనీ తర్వాత చెప్పింది. తనకు జరగని నష్టానికి ఎవరూ ఓటు వేయరు. బటన్ రంగు నచ్చకపోతే మాత్రం చూసిన ప్రతివాడూ వేస్తాడు. ఈ దెబ్బ తర్వాతే సమస్య ఎంత తీవ్రమైనదో చెప్పే వీలును ఫీడ్‌బ్యాక్ హబ్‌లో చేర్చారు. పైగా 1809ను విడుదలకు ముందరి చివరి మెట్టైన రిలీజ్ ప్రివ్యూ రింగ్‌లో పెట్టకుండానే జనంలోకి వదిలారు. సరిచేసిన వెర్షన్ నవంబర్ 13న వచ్చింది.

బీటా అన్న మాట ఐబీఎం నుంచి వచ్చిందంటారు. యంత్రాన్ని ప్రకటించకముందు చేసేది ‘ఎ’ పరీక్ష, తయారీ మొదలుపెట్టే ముందు చేసేది ‘బి’ పరీక్ష. రెండూ సంస్థ లోపలి వ్యవహారాలే. తర్వాత బీటా కంపెనీ గడప దాటి ఎంపిక చేసిన ఖాతాదారుల దగ్గరికి వెళ్లింది. వారు కొద్దిమందే అయినా సొంత లెక్కలు, సొంత ఫైళ్ల మీద నడిపి చూసేవారు. 1995లో విండోస్ 95 ప్రివ్యూను మైక్రోసాఫ్ట్ దాదాపు 20 డాలర్లకు అమ్మింది. డబ్బిచ్చి మరీ అసంపూర్ణ సాఫ్ట్‌వేర్‌ను కొనుక్కునేవారు ఎలాంటివారో వేరే చెప్పనక్కర్లేదు. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1 నుంచి 2009 జులై దాకా బీటా పేరుతోనే నడిచింది. 2014లో విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రామ్ వచ్చింది, అదే ఏడు ఆపిల్ కూడా మ్యాక్ పబ్లిక్ బీటాను మొదటి పది లక్షల మందికి తెరిచింది. ఏటికేడాది తలల సంఖ్య పెరుగుతూ వచ్చింది. ఆ తలలన్నీ దాదాపు ఒకే రకానివి.

ఈ లోటు మన లిపి దగ్గర మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, ఆ యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పడిపోయేది. ఆ క్రమం ఇది: జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు), చివర దీర్ఘం. ‘విజ్ఞానం’లోని మామూలు ‘జ్ఞా’తో ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో కంటికి కనబడని ఆ నాన్ జాయినర్ దూరితేనే చిక్కు. సరిగ్గా ఆ చోట అది రావడం మామూలు రాతలో జరగదు, నిజమే. కానీ నాన్ జాయినర్ మాత్రం మనకు రోజూ కావాల్సిందే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు వ ఒత్తు పడి ‘సాఫ్ట్వేర్’ కాకుండా ఆపేది అదే. ఇంగ్లిష్‌లోనే టైప్ చేసే టెస్టర్ వేళ్ల కిందికి అది ఒక్కసారీ రాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేసింది. అప్పటికి పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఈ లోపం లేదు. అంటే బీటా వాడేవారు క్షేమంగానే ఉన్నారు, దెబ్బ తగిలింది మామూలు వెర్షన్ వాడినవారికే.

ఇప్పుడు చిన్న డెవలపర్ల సంగతి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే స్టోర్ ఖాతాలకు గూగుల్ ఒక నియమం పెట్టింది: యాప్‌ను అందరికీ విడుదల చేయాలంటే కనీసం 20 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో, అంటే పిలిచినవారికే తెరిచే పరీక్షలో, ఉండాలి. తర్వాత ఆ సంఖ్యను 12కు తగ్గించింది. అంతమందిని వెతుక్కోలేక డెవలపర్లు ఒకరి యాప్‌ను ఒకరు ఇన్‌స్టాల్ చేసుకుంటున్నారు. నియమం నెరవేరుతుంది, పరీక్ష మాత్రం జరగదు.

ఒక చిన్న లెక్క చూడండి. 12 మందిని నిజంగానే లాటరీ తీసి ఎంచుకున్నారనుకుందాం, ఎవరికీ ఏ సమస్యా రాలేదు. అయినా వాడుకరుల్లో 22 శాతం మంది దాకా ఎదురయ్యే లోపం దాగి ఉండొచ్చు, అంతకు మించదని మాత్రమే 95 శాతం నమ్మకంతో చెప్పగలం. 20 మందైతే ఆ హద్దు 14 శాతం. 1809 బగ్ లాంటి పదివేలలో ఒకటి పట్టుబడాలంటే దాదాపు 30,000 మంది కావాలి, వారినీ లాటరీ తీసే ఎంచుకోవాలి. స్నేహితులు, తోటి డెవలపర్లతో ఈ లెక్క అసలు పొసగదు.

అందుకే సంఖ్య కోసం కాకుండా పరిస్థితుల కోసం వెతకాలి. 2 జీబీ ర్యామ్ ఫోన్, స్టోరేజ్ నిండి 300 ఎంబీ మాత్రమే మిగిలిన ఫోన్, అక్షరాల సైజు బాగా పెంచుకున్న పెద్దవాళ్ల ఫోన్, తెలుగు కీబోర్డు, ఇంట్లో ముగ్గురు పంచుకునే ఫోన్: ఒక్కోదానికి ఇద్దరు దొరికినా పది మంది అవుతారు. ఈ పది మంది వంద మంది ఔత్సాహికుల కంటే ఎక్కువ పనికొస్తారు. వీరు తమంతట తాము ఫిర్యాదు రాయరు. యాప్ మొరాయిస్తే తమకే చేతకాలేదనుకుని ఊరుకుంటారు. మూడో రోజు, పదో రోజు ఫోన్ చేసి అడగాలి, కుదిరితే పక్కన కూర్చుని చూడాలి.

ఎక్కువగా దెబ్బతినే ఇంకో చోటు పాత డేటా. టెస్టర్ ప్రతి వెర్షన్‌నూ వరసగా ఎక్కించుకుంటాడు. ఆటో అప్‌డేట్ ఆపేసుకున్న మనిషి మొదటి వెర్షన్ నుంచి ఏకంగా ఐదోదానికి దూకుతాడు. మధ్యలో ఒక్క డేటాబేస్ మైగ్రేషన్ (పాత డేటాను కొత్త రూపంలోకి మార్చే మెట్టు) తప్పినా యాప్ తెరుచుకోదు. ఏడాదిలో విడుదల చేసిన ఏపీకేలన్నీ (యాప్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) దాచుకుని, ఒక్కోదాన్ని వేసి, నిజమైన డేటా నింపి, దానిమీదే కొత్తదాన్ని ఎక్కించి చూడాలి. పాతది తీసేసి కొత్తది వేస్తే డేటా తుడిచిపెట్టుకుపోయి పరీక్షే వృథా.

యాప్ స్టేజ్డ్ రోల్‌ఔట్‌కు, అంటే అప్‌డేట్‌ను విడతలుగా పంపే దశకు, వచ్చాక 1 శాతం మందికి పంపితే, వారిని ప్లే స్టోరే యాదృచ్ఛికంగా ఎంచుతుంది. మామూలు వాడుకరులకు అసలైన ప్రతినిధులు వీరే. అయితే తమ మీద పరీక్ష జరుగుతోందని వీరికి తెలియదు. కాబట్టి ఈ దశలో వెళ్లే కోడ్ దేన్నీ శాశ్వతంగా చెరపకూడదు. తీసేయాల్సిన ఫైల్‌కు పేరు మార్చి కనీసం ఒక నెల ఉంచాలి. క్రాష్‌లు పెరిగాయని రోల్‌ఔట్ ఆపినా, అప్పటికే అప్‌డేట్ అయినవారు ఆ వెర్షన్ మీదే ఉండిపోతారు. వారిని బయటికి తేవాలంటే అంతకంటే పెద్ద వెర్షన్ కోడ్‌తో (ప్రతి వెర్షన్‌కూ ఇచ్చే వరస సంఖ్య) సరిచేసిన యాప్‌ను మళ్లీ పంపాల్సిందే.