పాత లారీలో బ్యాటరీ దిగిపోతుంటే: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పని చేస్తాను. "రాత్రి బాగానే ఆపాం, పొద్దున సెల్ఫ్ తిరగలేదు" అంటూ వచ్చే పాత బండ్లకు కొదవ ఉండదు. అలా వచ్చేసరికే చాలామంది యజమానులు అప్పు చేసి కొత్త బ్యాటరీలు వేయించి ఉంటారు. అవీ దిగిపోతుంటాయి. కొలత లేకుండా జరిగే ఈ ఖర్చు చూస్తే బాధగా ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను. చెప్పేదంతా రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులతో నడిచే, కంప్యూటరు లేకుండా మెకానికల్ డీజిల్ పంపుతో నడిచే పాత లారీల గురించి.

అపోహ: తెల్లారేసరికి దిగిపోయిందంటే ఎక్కడో చిన్న లీకు (బండి ఆపినా కరెంటు పోతూ ఉండడం) ఉన్నట్టే.

వాస్తవం: ముందు లెక్క చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్; అంటే ఒక ఆంపియర్ చొప్పున సుమారు 150 గంటలు ఇచ్చేంత) బ్యాటరీలు మంచి స్థితిలో, నిండా ఛార్జింగుతో ఉన్నాయనుకుందాం. పన్నెండు గంటల్లో వాటి శక్తి సగానికి పడిపోవాలంటే ఎడతెగకుండా ఆరు ఆంపియర్లకు పైగా పోవాలి. 24 వోల్టుల దగ్గర అది దాదాపు 150 వాట్లు. అంత కరెంటు పోతుంటే ఏదో ఒక దీపం వెలుగుతూ ఉండాలి, లేదా ఏదో ఒక వస్తువు వేడెక్కాలి. కంటికో చేతికో దొరికిపోతుంది. అదే అర ఆంపియర్ లీకైతే రోజుకు 12 ఏహెచ్ మాత్రమే పోతుంది, సగం కావడానికి ఆరు రోజులు పడుతుంది. టూల్ బాక్సులో ఆరకుండా ఉండిపోయిన 5 వాట్ల బల్బు అయితే రెండు వారాలు తీసుకుంటుంది.

అందుకే బండి రాగానే నేను అడిగే మొదటి ప్రశ్న, "ఆపిన ఎన్నాళ్లకు దిగింది?" అని. మీటరులో అర ఆంపియర్ కూడా కనిపించకుండా ఒక్క రాత్రిలో దిగిపోతుంటే, బ్యాటరీలో సత్తువ లేదనో, అది నిండా ఛార్జింగ్ కావడమే లేదనో అర్థం. బయటి లీకుకూ ఈ రెండింటికీ చేయాల్సిన పనులు వేరు.

అపోహ: టేపు రికార్డరు, ఫోను ఛార్జరు ఒక బ్యాటరీ నుంచి తీసుకుంటే నష్టమేమీ లేదు, అవి తీసుకునే కరెంటు ఎంతని!

వాస్తవం: పాత లారీల్లో బ్యాటరీలు చంపే పనుల్లో నేను మొదటి స్థానం దీనికే ఇస్తాను. పాట కోసం 12 వోల్టులు కావాలి, బండిలో 24 ఉన్నాయి. దాంతో రెండు బ్యాటరీలను కలిపే చోట ఒక వైరు చుట్టేస్తారు. ఆ క్షణం నుంచి ఎర్త్ (బండి బాడీ) వైపు బ్యాటరీ, అంటే కిందిది ఒక్కటే పాటలకూ ఫోన్లకూ కరెంటు ఇస్తుంది. ఇంజను నడిచేటప్పుడు ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్‌కు మాత్రం ఈ సంగతి తెలియదు. అది రెండింటినీ ఒకే బ్యాటరీగా చూసి మొత్తం మీద 28 వోల్టుల దాకా ఇస్తుంది. ఖాళీ అయిన కింది బ్యాటరీ తన వాటాగా 13 వోల్టులు కూడా పట్టుకోలేదు. మిగతాదంతా పై బ్యాటరీ మీద పడి అది 15 దాటుతుంది. కిందిది ఎప్పటికీ నిండదు, ప్లేట్లకు సల్ఫేటు (ఛార్జింగును అడ్డుకునే గట్టి పొర) పడుతుంది. పైది ఉడికిపోయి నీళ్లు ఆవిరవుతాయి.

దీన్ని పట్టుకోవడం సులువు. బండి ఆపి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు ఒక్కో బ్యాటరీనీ విడిగా కొలవండి. నిండా ఉన్నది 12.6 చూపాలి. 12.2 అంటే సుమారు సగం. ఒకటి 12.6, రెండోది 11.9 చూపితే, ఇంకేమీ చూడకముందు మధ్య నుంచి వైరు తీశారేమో వెతకండి. అలాంటిదేమీ లేకపోతే ఆ బ్యాటరీలోనే ఏదో సెల్ (లోపలి ఆరు గదుల్లో ఒకటి) పోయి ఉండవచ్చు. యాసిడ్ సాంద్రత (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ చూడండి. సెల్‌కూ సెల్‌కూ గ్రావిటీ తేడా 50 పాయింట్లు (అంటే 0.050) దాటితే ఆ బ్యాటరీ పనికిరాదు.

12 వోల్టులు కావాలంటే 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు వేసుకోవాలి. దానికి విడిగా ఫ్యూజు పెట్టి, తాళం తీస్తే ఆగిపోయేలా కలపాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే పాట ఆపినా అది కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటుంది. ఇలా ఒక బ్యాటరీ పోయినప్పుడు ఒక్కదాన్నే మార్చడం వల్ల లాభం లేదు. పాతదీ కొత్తదీ సమానంగా ఛార్జింగ్ తీసుకోవు. జతగా, ఒకే కంపెనీవి, ఒకే కాలంలో తయారైనవి వేయాలి.

అపోహ: టెర్మినల్ తీసి తాకిస్తే నిప్పురవ్వ వచ్చింది, కాబట్టి లీకు ఉంది. రాలేదు, కాబట్టి లేదు.

వాస్తవం: జీపీఎస్ పరికరం, కన్వర్టరు లాంటివి ఉంటే కలిపిన క్షణంలో రవ్వ రావడం మామూలే. 0.2 ఆంపియర్ లీకుకు రవ్వ పగటి వెలుతురులో కనపడకపోవచ్చు. పైగా ఛార్జింగ్ అయి వచ్చిన బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉంటుంది. అక్కడ రవ్వ పుట్టిస్తే బ్యాటరీ పేలి యాసిడ్ ముఖం మీద పడవచ్చు. ఈ పరీక్ష దయచేసి మానేయండి.

అపోహ: ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూస్తే లీకు ఎక్కడుందో తెలిసిపోతుంది.

వాస్తవం: సగం నిజం. కొలిచే పద్ధతి ముందు చెబుతాను. తాళం తీసి, అన్నీ ఆపి, తలుపులు మూసి, నెగటివ్ టెర్మినల్ విప్పండి. ఆ టెర్మినల్‌కూ బ్యాటరీకీ మధ్య మొదట 24 వోల్టుల టెస్ట్ లైటు పెట్టండి. అది వెలుగుతుంటే కరెంటు ఎక్కువగానే పోతోంది, నేరుగా మీటరు పెడితే దాని ఫ్యూజు ఎగిరిపోవచ్చు. వెలగకపోతేనే మల్టీమీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి అదే చోట కలపండి. మీటరు ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి. మెకానికల్ పంపు ఉన్న పాత బండిలో 50 మిల్లీఆంపియర్ల లోపు చూపితే కంగారు పడనక్కరలేదు. బీఎస్-4, బీఎస్-6 బండ్లలో (పొగ నిబంధనల ప్రకారం తర్వాత వచ్చినవి) కంప్యూటర్లు నిద్రలోకి జారడానికి అరగంట దాకా పడుతుంది. అప్పటిదాకా ఆగి అంకె చదవాలి.

ఇప్పుడు ఫ్యూజులు పీకండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో లీకు ఆ దారిలో ఉంది. అన్నీ తీసినా అంకె కదలకపోతే "లీకు లేదు" అని తేల్చేస్తారు చాలామంది. కానీ పాత లారీకి కంపెనీ వేసిన వైరింగ్ కంటే తర్వాత చేర్చినదే ఎక్కువ. క్యాబిన్ పైన దీపాలు, బాడీ చుట్టూ రంగు లైట్లు, ఫ్యాను, కెమెరా, జీపీఎస్ అన్నీ ఏ ఫ్యూజు బాక్సుకూ రాకుండా నేరుగా బ్యాటరీకి వెళ్లి ఉంటాయి. పాజిటివ్ టెర్మినల్ దగ్గర బోల్టు కింద ఎన్ని రింగులు ఉన్నాయో లెక్కపెట్టండి. సెల్ఫ్ కేబులు తప్ప మిగతావన్నీ ఒక్కొక్కటే విప్పి మీటరు చూడండి. ఒకదానికొకటి తాకకుండా, బాడీకి తగలకుండా టేపు చుట్టి పక్కన పెట్టండి.

అపోహ: ఛార్జింగ్ బాగానే వస్తోంది కాబట్టి డైనమోకూ లీకుకూ సంబంధం లేదు.

వాస్తవం: డ్రైవర్లు డైనమో అనే ఆల్టర్నేటర్ నుంచి లావుపాటి వైరు రాత్రింబవళ్లూ బ్యాటరీకి కలిసే ఉంటుంది. కరెంటు వెనక్కి రాకుండా ఆపేవి లోపలి డయోడ్లే. అవి పాడైతే ఇంజను ఆగాక బ్యాటరీ కరెంటు వెనక్కి వెళ్లి వైండింగును వేడి చేస్తుంది. ఒకటి రెండు డయోడ్లు పోయినా పగటిపూట ఛార్జింగ్ రావచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లారాక, ఆల్టర్నేటర్ మీద అరచెయ్యి ఆనించండి. పక్కనున్న ఇంజను బ్లాకు చల్లగా ఉండి అది ఒక్కటే వెచ్చగా తగిలితే దొంగ దొరికినట్టే. నిర్ధారణకు బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ లావు వైరు విప్పి టేపు చుట్టి, మళ్లీ మీటరు పెట్టండి. అంకె పడిపోతే డయోడ్లు మార్పించండి.

అపోహ: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూస్తే ఛార్జింగ్ సంగతి తేలుతుంది.

వాస్తవం: ఇది పాత కాలపు డీసీ డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో బ్యాటరీ వైరు ఊడితే ఒక్కసారిగా వంద వోల్టులు దాటి లేవవచ్చు. డయోడ్లు, రెగ్యులేటరు, జీపీఎస్ అన్నీ పోతాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీల మీద మీటరు పెట్టి 27.5 నుంచి 28.5 వోల్టుల మధ్య ఉందో లేదో చూస్తే చాలు.

అపోహ: దిగిన బ్యాటరీలో కొత్త యాసిడ్ పోస్తే లేస్తుంది.

వాస్తవం: లేవదు, ఆ యాసిడ్ ప్లేట్లను తొందరగా తినేస్తుంది. ఆవిరయ్యేది నీరే కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బ్యాటరీ పైభాగం తడిగా, మురికిగా ఉంటే ఆ తడి గుండా కూడా కరెంటు పోతుంది. తినే సోడా కలిపిన నీళ్లతో, మూతలు బిగించి కడిగి ఆరబెట్టండి. సోడా నీళ్లు లోపలికి పోకూడదు.

అపోహ: సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుంది.

వాస్తవం: ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఇది వర్తించదు. ఎక్కడ పెట్టినా వాడకుండా వదిలేస్తే దానంతట అదే దిగుతుంది. ఎండాకాలంలో ఇంకా వేగంగా.

అపోహ: కటాఫ్ స్విచ్ (బ్యాటరీ నుంచి బండికి కరెంటు ఆపేది) తిప్పి పడుకుంటే ఏ లీకూ ఏమీ చేయదు.

వాస్తవం: స్విచ్ దాటిన తర్వాతి వైర్లకే అది కాపలా. జీపీఎస్, టేపు వైర్లు స్విచ్ కంటే ముందే, బ్యాటరీ టెర్మినల్ దగ్గరే కలిసి ఉంటే అవి నడుస్తూనే ఉంటాయి. స్విచ్ ఆపి ఆ టెర్మినల్ బోల్టు కిందికి వచ్చే ప్రతి వైరునూ విడిగా మీటరుతో చూడండి, ఎక్కడా ఏమీ చూపకూడదు. సీజను లేక బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు స్విచ్ మీద ఆధారపడకుండా నెగటివ్ టెర్మినల్ విప్పేసి, నెలకోసారి బయట ఛార్జింగ్ పెట్టించండి. 12.4 కంటే కిందికి దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే పట్టిన సల్ఫేటు తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు.