బోర్డు తిప్పేసింది వాళ్లు, తలదించుకున్నది వీళ్లు: కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పదిహేనేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఏదైనా డిపాజిట్ల కంపెనీ బోర్డు తిప్పేసిన ప్రతిసారీ, డబ్బు పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ల నోట మొదటి మాట ఒకటే: "నాదే తప్పండి." ఆ మాట వాళ్లకి చుట్టుపక్కల వాళ్లు నూరిపోసింది.

అపోహ: దురాశ దుఃఖానికి చేటు, ఆశపడ్డారు, అనుభవిస్తున్నారు.

వాస్తవం: సింగ్‌నగర్ నుంచి ఒకావిడ వచ్చారు. టిఫిన్ బండి నడుపుకుంటూ, కూతురి పెళ్లికని రోజుకి వంద కట్టారు. ఏజెంటు వాళ్ల వీధి కుర్రాడే, "పిన్నీ" అంటూ బండి దగ్గరికే వచ్చి తీసుకెళ్లేవాడు. కంపెనీ మూతపడ్డాక పాస్‌బుక్‌ని బియ్యం డబ్బా అడుగున దాచేశారు, ఏడు నెలలు. నా బల్ల మీద పెట్టినప్పుడు దాని మడతల్లో ఇంకా బియ్యం నూక ఉంది. తోడికోడలు నలుగురిలో "వడ్డీకి ఆశపడింది" అందట, అంతే, ఇక ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా. రోజుకి వంద దాచుకోవడం దురాశ ఎలా అవుతుందో నాకు ఎవరైనా చెప్పండి.

మనుషులు ఇలా ఎందుకు మాట్లాడతారో మెల్విన్ లెర్నర్, కారొలిన్ సిమన్స్ అనే మనస్తత్వ పరిశోధకులు 1966లో ఒక ప్రయోగంలో చూపించారు. ఒకమ్మాయికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు నటించి, దాన్ని కొందరికి చూపించారు. ఆమె బాధ ఇంకా కొనసాగుతుందని, తాము చేయగలిగింది ఏమీ లేదని తెలిసినవాళ్లు చివరికి ఆమెనే తక్కువ చేసి చూశారు. ఏ తప్పూ చేయనివాళ్లకి ఇలా జరిగితే రేపు మనకూ జరగొచ్చు కదా, ఆ భయం భరించలేక, ఆమెలోనే ఏదో లోపం ఉందనుకుంటాం. తోడికోడలి మాట వెనకున్నదీ ఆ భయమే అనుకుంటాను, కానీ దానివల్ల ఫిర్యాదు ఏడు నెలలు ఆగింది. మన రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణకి 1999 నుంచే చట్టం ఉంది, ఇలాంటి సంస్థల ఆస్తులు జప్తు చేయొచ్చు. సిగ్గుతో రసీదులు దాచుకుంటే ఆ చట్టం మీకు ఎలా పనికొస్తుంది?

అపోహ: పెద్దమనిషి, మనవాడు, అలా చేసి ఉండడు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పుగా చూపించానని తన లేఖలో స్వయంగా ఒప్పుకున్నాక కూడా "ఎవరో ఇరికించారు" అన్నవాళ్లని చూశాను. నమ్మకం పోయిందని ఒప్పుకోవడం డబ్బు పోయిందని ఒప్పుకోవడం కంటే కష్టం.

అపోహ: అందరూ షేర్ చేస్తున్నారంటే న్యాయం దగ్గర్లోనే ఉంది.

కోపం తెప్పించే పోస్టు తొందరగా పాకుతుంది, అంతే. కేసు దాంతో ఒక్క అడుగు కూడా కదలదు. ఇక "డబ్బు వెనక్కిస్తున్నారు, ఈ లింకులో ఆధార్ నంబరు కొట్టండి" అని వాట్సాప్‌లో తిరిగేవాటిని దయచేసి ఎవరికీ పంపకండి, ఒకసారి పోగొట్టుకున్నవాళ్లనే మళ్లీ దోచుకుంటారు.

నిద్ర పట్టక, బతకాలనిపించక టెన్షన్ పడుతున్నవాళ్లు ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆవిడ చివరికి నా గదిలోనే వాళ్లాయనకి చెప్పారు. ఎంత పోయిందో విని ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాస్‌బుక్ చేతిలోకి తీసుకుని, ఆ నూక దులిపి, "రసీదులు కూడా ఉన్నాయా?" అని అడిగారు.