ఎక్కినవాడికి దిగడం ఎందుకు రాదు?

హనుమకొండ,
కార్తీక మాసం

చిట్టితల్లికి తాత దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. చలికాలం వచ్చేసిందని మీ బాపమ్మ మోకాళ్లు మాత్రం పంచాంగం కంటే ముందే చెప్పాయి. బతుకమ్మ సెలవులు అయిపోయి మీరు హైదరాబాదు బస్సు ఎక్కే హడావుడిలో నువ్వొక ప్రశ్న అడిగావు, గుర్తుందా? "తాతా, తమ్ముడు నిచ్చెన పైదాకా తనే ఎక్కుతాడు కదా, మరి అక్కడ కూర్చుని ఏడుస్తాడెందుకు? ఎక్కడం వచ్చినవాడికి దిగడం ఎందుకు రాదు?" నేను "చిన్నవాడు కదమ్మా" అని తప్పించుకున్నాను. అది జవాబు కాదని నీ మొహమే చెప్పింది. బస్సు కదిలాక సిగ్గేసింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ నిచ్చెన చేయించింది నేనే కాబట్టి ముందు దాని గొప్పలు కొంచెం చెప్పుకోనివ్వు. రెండు పొట్టి నిచ్చెనలను పైన కీలుతో కలిపితే గుడారంలా నిలబడుతుంది. ఆట అయ్యాక మడిచి తలుపు వెనక పెట్టవచ్చు. మీ నాన్న ఫోనులో పంపిన బొమ్మను మన వీధి చివరి వడ్రంగికి చూపించి, తేలిగ్గా ఉంటుంది కదా, నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్రతో చేద్దామా అన్నాను. ఆయన నవ్వి, "పొణికి చిలకను మోస్తుంది గానీ మీ మనవడిని మోయదు సార్" అని టేకు తీశాడు. తమ్ముడి పిడికిట్లో ఇమిడేంత లావున అడ్డకర్రలను గుండ్రంగా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రెండు రోజులు రుద్దాడు.

అడ్డకర్రల మధ్య రెండు బెత్తెల దూరం పెట్టు, కర్ర కలిసొస్తుంది అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. పసివాడికి నడుము సన్నం, తల పెద్దది. కాళ్లూ నడుమూ సందులోంచి జారిపోయి తల దగ్గర ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. తరువాత చదివితే తెలిసింది, పిల్లల ఆటస్థలాల నియమాలు కూడా సుమారు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య సందు ఉండకూడదనే అంటాయి. నేనడిగిన రెండు బెత్తెలు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు, సరిగ్గా ఆ ప్రమాదంలోనే పడతాయి. ఆయన పెట్టింది బెత్తెడే. నా పిసినారితనం సంగతి మీ నాన్నకు చెప్పకు.

ఇక నీ ప్రశ్న. ఎడ్లబండి సంగతి చెబుతాను, విను. బండి ముందుకు పోవడం ఎంత సులువో వెనక్కి పోవడం అంత తంటా. ముందుకు పోయేటప్పుడు ఎడ్లు ఎక్కడ అడుగు వేస్తున్నాయో బండి తోలేవాడికి కనిపిస్తుంది. వెనక్కి నెట్టాలంటే చక్రాలు ముందు పోవాలి, అవి పోయే చోటు అతనికి కనబడదు. పైగా ఎడ్లకు వెనక్కి నడవడం ఇష్టం ఉండదు. తమ్ముడి చేతులు ఎడ్లు, కళ్లు బండివాడు, కాళ్లు చక్రాలు అనుకో. ఎక్కేటప్పుడు పై కర్ర కళ్ల ముందే ఉంటుంది, చెయ్యి వేస్తాడు, కాళ్లు వెంట వస్తాయి. దిగేటప్పుడు కాళ్లే ముందు పోవాలి. కింది కర్ర అతని పొట్ట చాటున ఉంటుంది. మరి కాడి ఏది, ఇరుసు ఏది అంటావేమో. కాడి అతని భుజాలు. ఇరుసు... సరే, ఇక్కడ నా బండి దిగబడింది. బండి ఎన్నేళ్లయినా వెనక్కి నడవడం నేర్చుకోదు. నీ తమ్ముడు ఇంకో నెలలో నేర్చుకుంటాడు.

అతనికి లోతు తెలియదనుకోకు. అమెరికాలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పెద్ద అద్దపు బల్ల చేయించారు. సగం అద్దానికి కిందే ఆనుకుని గళ్ల గుడ్డ. మిగతా సగంలో ఆ గళ్లు ఎంతో కింద, నేల మీద. పైన చూస్తే అక్కడ గొయ్యి ఉన్నట్టే. నడుమ పాకే పిల్లలను కూర్చోబెట్టి తల్లుల చేత పిలిపించారు. 1960లో వాళ్లు రాసిన లెక్క ఇది: చోటు వదిలి కదిలిన 27 మందిలో గొయ్యి వైపు పాకింది ముగ్గురే. తల్లి పిలుస్తున్నా మిగిలినవాళ్లు అటు పోలేదు. కాబట్టి తమ్ముడు పైన కూర్చుని ఏడుస్తున్నాడంటే, వాడి కన్ను తన పని సరిగ్గానే చేస్తోంది. ఎటొచ్చీ కాళ్లకే ఇంకా దారి తెలియలేదు.

ఇంతకంటే కష్టం ఇంకొకటి ఉంది. దిగాలంటే వెనక్కి తిరగాలి. వాడికి కావలసింది కింద నిలబడిన నువ్వు. నీ దగ్గరికి రావాలంటే ముందు నీకు వీపు చూపాలి! ఇది పెద్దవాళ్లకే వింతగా ఉంటే, పదిహేను నెలలవాడికి ఎట్లా తోస్తుంది?

నాకూ తోచలేదు, తొమ్మిదేళ్ల వయసులో. పరకాల దగ్గర మా ఊళ్లో చెరువు కట్ట మీద పెద్ద చింతచెట్టు ఉండేది. చిగురు కోసం ఎక్కాను. రెండు జేబులూ నింపాక కిందికి చూస్తే చెట్టు రెండింతలయింది. నాతో వచ్చినవాళ్లు కాసేపు నవ్వి, బర్రెలు తోలుకుని పోయారు. పొద్దు వాలే వేళకు తాళ్లు గీసే గౌడ మామ మోకు భుజాన వేసుకుని అటుగా వచ్చాడు. ఎక్కి ఎత్తుకుని దించుతాడనుకున్నాను. ఆయన కల్లుకుండ కింద పెట్టి, మెడ పైకెత్తి, "చెట్టును కరుచుకో. వీపు నా వైపు పెట్టు. ఎడమ కాలు దించు... ఇంకా... ఆ, బొడిపె తగిలిందా?" అన్నాడు. తగిలింది! తాటిచెట్టు దిగే గౌడను నువ్వు చూశావు కదా, ఛాతీ ఎప్పుడూ చెట్టు వైపే. నా కాళ్లకు ఆయన తన కళ్లను అరువిచ్చాడు. నేల ఇంకా రెండు నిలువుల ఎత్తున ఉండగానే, "ఇక నువ్వే" అని కుండ ఎత్తుకుని వెళ్లిపోయాడు. మిగతాది నేనే దిగాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. జేబుల్లో చిగురు ముద్దయింది, అయినా ఆ రాత్రి అమ్మ పప్పులో వేసింది.

ఇలాంటి నిచ్చెనను ఇప్పుడు ఎమ్మీ పిక్లర్ అనే డాక్టరమ్మ పేరుతో పిలుస్తారు. ఆమె 1946లో హంగరీ రాజధాని బుడాపెస్టులో, లోట్సి అనే వీధిలో పసిపిల్లల అనాథాశ్రమం నడపడం మొదలుపెట్టింది. బిడ్డ తనంతట తాను చేరలేని చోట, కూర్చోలేని తీరులో పెద్దవాళ్లు పెట్టకూడదని ఆమె పట్టు. బొడ్డూడని పిల్లను దిండ్ల మధ్య కూర్చోబెట్టి మురిసే మన ఇళ్లలో ఈ మాట చెబితే ఎవరికీ నచ్చదు. నాకూ మొదట నచ్చలేదు. గౌడ మామ గుర్తొచ్చాక నచ్చింది.

అందుకని తమ్ముడిని ఎత్తి నిచ్చెన పైన కూర్చోబెట్టకు. తనే ఎక్కనీ. కింద బొంత పరచు, మేజోళ్లు తీసెయ్, ఉత్తి పాదం కర్రను పట్టుకుంటుంది. అమ్మో నాన్నో చెయ్యి చాపే దూరంలో ఉన్నప్పుడే ఆట. "పడతావు, పడతావు" అని మాత్రం ఎవరినీ అరవనివ్వకు. అది విని వాడు నీ వైపు తిరుగుతాడు, అప్పుడే పడతాడు.

ఆదివారం ఒక పని చెయ్యి. నిచ్చెన పక్కన నేల మీద బోర్లా పడుకో, వాడి మడమలు నీ కళ్లకు ఎదురుగా ఉండాలి. దిగడం మొదలుపెట్టినప్పుడు బొటనవేలు చూడు. కర్ర దొరికేలోపు అది గాలిలో ఎన్నిసార్లు తడుముకుంటుందో లెక్కపెట్టు. ఆ క్షణంలో వాడి కళ్లు ఎటు చూస్తాయో కూడా చూడు. ఇక్కడున్నప్పుడు నేను మూడు రోజులు చూశాను. కాలు కోసం కిందికి చూస్తాడనుకున్నాను, చూడలేదు. ఎటూ చూడకుండా ఆగిపోయాడు, దూరంగా ఏదో వింటున్నట్టు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. నీకేం కనిపించిందో రాయి.

మీ
తాత