చుక్క ఎంత దూరంలో ఉంది?

1991 సెప్టెంబరు 15. కక్ష్యలో తిరుగుతున్న డిస్కవరీ స్పేస్ షటిల్ కెమెరా రాత్రివేళ భూమి అంచును చూపిస్తోంది. అంచు దగ్గర ఒక తెల్లటి చుక్క కనబడి నిదానంగా కదులుతుంది. ఇంతలో తెర మీద ఒక వెలుగు తళుక్కుమంటుంది. ఆ వెంటనే చుక్క దారి మార్చి, వేగం పుంజుకుని దూరంగా వెళ్లిపోతుంది. ఇంకో సన్నటి గీత కూడా అటుగా దూసుకుపోతుంది. ఎస్‌టీఎస్‌-48 యాత్రలో తీసిన ఈ కాస్త వీడియో 30 ఏళ్లకు పైగా తిరుగుతూనే ఉంది. గ్రహాంతర నౌక మీద ఎవరో భూమి నుంచి ఆయుధం ప్రయోగించారని, అది తప్పించుకుందని దానికో కథ.

తిరుపతిలో, చిత్తూరులో అంతరిక్షం గురించి మాట్లాడటానికి ఏ బడికి, ఏ కాలేజీకి వెళ్లినా ఇలాంటి వీడియోల ప్రస్తావన వస్తుంది. పిల్లలు అడిగేది ఒకటే: "సార్, ఇది నాసా వాళ్లే తీసింది కదా, అబద్ధమెట్లా అవుతుంది?" మంచి ప్రశ్న. వీడియో నిజమైనదే, చుక్కా నిజమే. ఎవరూ కల్పించలేదు. తేలాల్సిందల్లా ఆ చుక్క కెమెరాకు ఎంత దూరంలో ఉందన్నది. ఇలాంటి వీడియోలు పదింటిని పక్కపక్కన పెట్టి చూస్తే, దాదాపు అన్నిటిలోనూ చిక్కుముడి అక్కడే పడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక మంచు పలుకు కెమెరాకు 2 మీటర్ల దూరంలో, సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున అడ్డంగా తేలిపోతోందనుకోండి. చీమ నడకకు కొంచెం ఎక్కువ వేగం, అంతే. అదే చుక్క 1,000 కిలోమీటర్ల దూరంలో భూమి అంచు వైపు ఉందని అనుకుంటే, తెర మీద అంతే జరగడానికి అది సెకనుకు 50 కిలోమీటర్లు పోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వేగం సెకనుకు 7.7 కిలోమీటర్ల లోపే. అంటే ఆ చుక్క భూమి చుట్టూ తిరిగే ఏ నౌకకూ అందని వేగంతో పోతున్నట్టు తేలుతుంది. వీడియో మారలేదు, చుక్క మారలేదు. దూరం గురించి మనం అనుకున్న అంకె ఒక్కటే మారింది. ఒంటి కెమెరాకు దిక్కు తెలుస్తుంది గానీ దూరం తెలియదు. అంతరిక్షంలో పొగమంచు ఉండదు, దూరపు వస్తువు మసకబారదు, పోల్చుకోవడానికి పక్కన చెట్టో గుట్టో ఉండదు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1,024 యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఆకాశంలోకి సంకేతాలు పంపి ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తుంది. 100 కిలోమీటర్ల ఎత్తులో రాలిన ఉల్క జాడను తాకి వచ్చిన ప్రతిధ్వనికి సెకనులో 1,500వ వంతు సమయం పడుతుంది. ఆ సమయాన్ని కొలిస్తే దూరం చేతికొస్తుంది. ఆ దారిన బస్సులో పోయేటప్పుడు ఆ యాంటెన్నాల వైపు చూసినప్పుడల్లా నాకు ఈ తేడాయే గుర్తొస్తుంది. వాళ్లు కొలిచే మొదటి సంగతే షటిల్ వీడియోలో లేదు.

లేనప్పుడు వేరే ఆధారాలు వెతకాలి. ఎస్‌టీఎస్‌-48 విషయంలో ఆ పని ఓపిగ్గా చేసినవాడు జేమ్స్ ఓబర్గ్. హ్యూస్టన్ మిషన్ కంట్రోల్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజినీరు. ఆయన ముందు ఎండ సంగతి చూశాడు. షటిల్ అప్పుడే భూమి నీడలోంచి బయటికి వస్తోంది. కింద ఇంకా రాత్రి, నౌక చుట్టూ మాత్రం సూర్యకాంతి. శ్రీహరికోట నుంచి తెల్లవారుజామున రాకెట్ లేచినప్పుడు మనకు ఇంకా చీకటిగా ఉండగానే పైన పొగ మీద ఎండ పడి వెలిగిపోతుంది కదా, అదే ఏర్పాటు. షటిల్‌కు విద్యుత్తు అందించే ఇంధన సెల్స్‌లో తయారైన నీటిలో మిగిలినదాన్ని బయటికి వదిలేవారు. అది క్షణంలో గడ్డకట్టి పలుకులవుతుంది. ఆ పలుకులు నౌక నీడలో ఉన్నంతసేపూ కనబడవు. నీడ దాటి ఎండలోకి రాగానే వెలుగుతాయి. అందుకే చుక్క ఉన్నట్టుండి "పుట్టింది". పుట్టిన చోటు తెర మీద భూమి అంచు దగ్గర ఉండటంతో అంచు వెనక నుంచి పైకి వచ్చినట్టు అనిపించింది.

ఇక ఆ తళుకు. షటిల్‌కు 38 పెద్ద థ్రస్టర్లు, 6 చిన్న థ్రస్టర్లు ఉండేవి. నౌక వాలు సరిచేసుకోవడానికి చిన్నవి తమంతట తామే కాసేపు మండి ఆరిపోయేవి. ఆ క్షణంలో థ్రస్టర్ మండిన సంగతి టెలిమెట్రీ రికార్డుల్లో, అంటే నౌక నుంచి భూమికి అందిన సమాచారంలో, ఉంది. థ్రస్టర్ నుంచి వెలువడిన వాయువు తగిలితే ఏ మంచు పలుకైనా దారి మార్చుకోవాల్సిందే. ఆ వీడియోలో దారి మార్చినది ఒక్క చుక్కే కాదు, మరికొన్ని కూడా ఉన్నాయి. కథ చెప్పేవాళ్లు వాటి జోలికి పోరు.

కక్ష్యలో మంచు పలుకుల కథ ఇంకా పాతది. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ఫ్రెండ్‌షిప్ 7 నౌకలో భూమిని చుట్టి వస్తూ, సూర్యోదయ సమయంలో కిటికీ బయట మిణుగురుల్లాంటి వెలుగు చుక్కలు గుంపులుగా తేలుతున్నాయని చెప్పాడు. అవేమిటో ఎవరికీ తెలియలేదు. మూడు నెలలకు, మే 24న, స్కాట్ కార్పెంటర్ అరోరా 7లో వెళ్లాడు. ఆయనకూ అవే కనబడ్డాయి. ఆయన క్యాబిన్ గోడ మీద చేత్తో తట్టాడు. తట్టగానే బయట మరో గుంపు లేచింది. నౌక ఒంటికి అంటుకున్న తుహినం రాలుతోందని అక్కడికక్కడే తేలిపోయింది. అంతరిక్షంలో జరిగిన ప్రయోగాలన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనవాటిలో ఇదొకటి. పరికరం లేదు, ఖర్చు లేదు. ఒక అనుమానం, దాన్ని పరీక్షించే ఒక చేయి.

1996లో కొలంబియా షటిల్ తీసిన ఎస్‌టీఎస్‌-75 వీడియో దీనికన్నా చూడముచ్చటైనది. ఇటలీ తయారుచేసిన ఉపగ్రహాన్ని దాదాపు 20 కిలోమీటర్ల తీగ చివర కట్టి వదలాలన్నది ప్రయోగం. ఫిబ్రవరి 25న, 19.7 కిలోమీటర్ల దాకా వదిలాక తీగ తెగిపోయింది. తర్వాత దూరం నుంచి దాన్ని తీస్తే, చుట్టూ పెద్ద పెద్ద బిళ్లలు ఈదుతున్నట్టు కనబడ్డాయి. ఒక్కో బిళ్లకు మధ్యలో చుక్క, అంచున ఒక నొక్కు. కొన్ని తీగ వెనక నుంచి పోతున్నట్టు ఉండటంతో, అవి కిలోమీటర్ల వెడల్పున్న నౌకలని ప్రచారం జరిగింది.

ఇక్కడ నన్ను ఆపేది వాటి పోలిక. ఎన్ని బిళ్లలున్నా ఆకారం ఒక్కటే. తిరుమలలో తుంపర పడుతున్న రాత్రి ఫోన్ ఫ్లాష్ వేసి ఫోటో తీయండి. చినుకులు తెల్లటి గుండ్రటి బిళ్లలుగా పడతాయి. లెన్స్‌కు మరీ దగ్గరగా ఉన్న చినుకు మీద ఫోకస్ కుదరదు. అది పరుచుకుని, లెన్స్ ద్వారం ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారం తెచ్చుకుంటుంది. షటిల్ కెమెరా ముందు తేలిన పలుకులకు జరిగింది అదే. మరి తీగ వెనక నుంచి ఎలా పోయాయి? తీగ మందం దాదాపు 2.5 మిల్లీమీటర్లు. అంత సన్నటిది అంత దూరం నుంచి మందపాటి పట్టీలా కనబడిందంటేనే కాంతి ఎక్కువై చిత్రం నిండిపోయిందని అర్థం. అప్పటికే పూర్తిగా తెల్లబడిన చోట, మసక బిళ్ల ముందు నుంచి పోయినా జాడ కనబడదు.

చంద్రుడి దగ్గరికి వెళ్లిన అపోలో 16 ఫిల్ములో కనబడిన "సాసర్" సంగతి 2004లో తేలింది. అది నౌకకే బిగించిన దీపపు కాడ. అంతరిక్ష కేంద్రం లైవ్ వీడియో మధ్యలో నీలంగా మారిపోతే ఏదో దాచేస్తున్నారని అంటుంటారు. ఆ సంకేతాలు 36,000 కిలోమీటర్ల ఎత్తులోని రిలే ఉపగ్రహాల మీదుగా రావాలి. ఒకదాన్నుంచి మరోదానికి మారేటప్పుడు, కేంద్రం భాగాలు యాంటెన్నాకు అడ్డొచ్చినప్పుడు తెగిపోతాయి.

వింత చుక్క కనబడితే నాసా కొట్టిపారేస్తుందనే మాట కూడా నిలబడదు. 2006 సెప్టెంబరులో అట్లాంటిస్ షటిల్ దిగడానికి ముందు, నౌక దగ్గర తేలుతున్న ఒక వస్తువు వీడియోలో పడింది. కొలంబియా కూలి, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయి అప్పటికి మూడున్నరేళ్లు. దిగడం ఒకరోజు ఆపి, రోబో చేతికున్న కెమెరాలతో నౌక ఒళ్లంతా వెతికారు. ఉష్ణ కవచపు పలకల మధ్య నుంచి ఊడిన ప్లాస్టిక్ ముక్క కావచ్చని తేల్చాకే దిగమన్నారు. కక్ష్యలో గుర్తు తెలియని చుక్క నౌకలోని ఆరుగురి ప్రాణాల ప్రశ్న. దాన్ని వాళ్లంత శ్రద్ధగా ఇంకెవరూ చూడరు.

అంత శ్రద్ధగా చూసినందుకే నిజమైన వింతలూ దొరికాయి. ఉరుము మేఘాల పైకి, అంతరిక్షం వైపు వెలుగులు లేస్తాయని పైలట్లు చెబితే చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1989 జులై 6న మిన్నెసోటా విశ్వవిద్యాలయ బృందం తక్కువ వెలుతురులో పనిచేసే కెమెరాను పరీక్షిస్తుండగా అలాంటి వెలుగు ఒకటి అనుకోకుండా పడింది. వాటిని ఇప్పుడు స్ప్రైట్లు అంటున్నాం. తర్వాత షటిల్ రాత్రి వీడియోలు తిరగేస్తే వాటిలోనూ కనబడ్డాయి. మంచు పలుకులను నౌకలనుకున్నది ఏ రకం టేపుల్లోనో, స్ప్రైట్లు బయటపడింది కూడా ఆ రకం టేపుల్లోనే.

2015 సెప్టెంబరులో డెన్మార్క్ వ్యోమగామి ఆండ్రియాస్ మోగెన్‌సన్ అంతరిక్ష కేంద్రం నుంచి మన బంగాళాఖాతం మీది ఉరుము మేఘాన్ని వీడియో తీశాడు. 160 సెకన్లలో 245 నీలి మెరుపులు. ఒక నీలి జెట్ మేఘం నుంచి లేచి 40 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లింది. ఇది 2017లో పరిశోధన పత్రంగా వచ్చింది. ఈ నీలి వెలుగుకూ ఎస్‌టీఎస్‌-48 చుక్కకూ తేడా ఒక్కటే: మోగెన్‌సన్ వీడియోలోని మేఘం ఎక్కడుందో, ఎంత ఎత్తుందో తెలుసు. అందుకే 40 కిలోమీటర్లని ధైర్యంగా రాయగలిగారు.

మన పిల్లలు చేయదగ్గ పని ఒకటి ఉంది. తిరుపతిలో ఒకరు, చిత్తూరులో ఒకరు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ, సాయంత్రం ఒకే క్షణంలో ఆకాశంలోని ఒకే వెలుగును నక్షత్రాల నేపథ్యంలో ఫోటో తీయాలి. రెండు ఊళ్లకూ మధ్య నేరుగా 57 కిలోమీటర్లు. తిరుపతిలో నడినెత్తిన పోతున్న అంతరిక్ష కేంద్రం, 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కనుక, రెండు ఫోటోల్లో నక్షత్రాల మధ్య సుమారు 8 డిగ్రీలు జరిగి కనబడుతుంది. అంటే 16 నిండు చందమామలను వరసగా పేర్చినంత. శుక్రగ్రహం మాత్రం రెండింటిలోనూ ఒకే చోట ఉంటుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో తిరుపతి మీదుగా పోయే విమానమైతే చిత్తూరు వాళ్లకు ఈశాన్యాన దిగంతానికి దగ్గర్లో కనబడుతుంది. జరిగిన కోణం కొలిచి, ఊళ్ల మధ్య దూరంతో లెక్క కడితే ఆ వెలుగు ఎంత ఎత్తులో ఉందో పదో తరగతి గణితంతోనే వస్తుంది.