రాత్రి తొమ్మిదింటికి 'మొయిన్' ఏంటి?

ఉత్తర జర్మనీలోని హాంబర్గ్‌లో రాత్రి తొమ్మిదింటికి బస్సెక్కినా డ్రైవర్ నోట వచ్చే పలకరింపు 'మొయిన్'. జర్మన్ క్లాసులో 'గూటెన్ మోర్గెన్', అంటే శుభోదయం, బట్టీపట్టి వెళ్ళిన మనవాళ్ళు ఈయనకి ఇప్పుడు తెల్లారిందా అనుకుంటారు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో దిగితే షాపులో పిల్లాడు 'మొయ్' అని పలకరిస్తాడు. చివర ఒక్క 'న్' తేడా. ఇంకేం, రెండూ అన్నదమ్ములే అని తేల్చేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి.

'మొయిన్' అంటే 'మోర్గెన్', అంటే ఉదయం, అరిగిపోగా మిగిలిన ముక్క అని చాలామంది అనుకుంటారు. అలా అరిగిన చోట్లూ ఉన్నాయి, లక్సెంబర్గ్ భాషలో 'మొయెన్' అంటే నేటికీ ఉదయమే. కానీ జర్మనీ ఉత్తర తీరంలో మాట్లాడే 'లో జర్మన్' (Low German) అనే భాషలో 'మొయ్' అనే మాట వేరే ఉంది, అందమైన, చక్కని అని అర్థం, డచ్ వాళ్ళ 'మోయ్' కూడా ఇదే. 'మొయెన్ డాగ్' అంటే మంచి రోజు. జర్మన్‌లో మంచి రోజు అని చెప్పే 'గూటెన్ టాగ్'లో 'గూట్' (మంచి) చివర తగులుకున్న 'ఎన్' ఉంది చూడండి, అదే ఇక్కడా విశేషణానికి తోకలా అతుక్కుంది. రోజూ అనీ అనీ 'డాగ్' రాలిపోయి తోక మాత్రం మిగిలింది. ఈ లెక్కన రాత్రి తొమ్మిదింటికి అన్నా తప్పేం లేదు. నాకు ఈ వాదనే బలంగా తోస్తుంది, ఎందుకంటే సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌కి వెళ్తే అక్కడ ఆ తోక కూడా లేకుండా ఉత్త 'మొయ్' అనే పలకరిస్తారు.

మరి ఫిన్లాండ్ 'మొయ్'? మధ్యయుగంలో బాల్టిక్ సముద్రం మీద వ్యాపారం చేసిన హాన్సా (ఉత్తర జర్మన్ నగరాల వ్యాపార కూటమి) వర్తకుల భాష 'లో జర్మనే', స్వీడిష్‌లోకి ఆ మాటలు కుప్పలుగా చేరాయి, ఫిన్లాండేమో శతాబ్దాల పాటు స్వీడన్ ఏలుబడిలో ఉంది. కాబట్టి 'మొయ్' కూడా ఆ ఓడల్లోనే దిగిందని కథ అల్లడం తేలికే. కానీ ఫిన్నిష్‌ది జర్మన్ కుటుంబం కాదు, హంగేరియన్‌కి దూరపు చుట్టం. అరువు మాట అనాలంటే దారిలో అడుగుజాడలు కనిపించాలి, శబ్దం కలిస్తే చాలదు. మన 'నీరు', గ్రీకుల 'నెరో' రెండూ నీళ్ళే, అయినా వాళ్ళది 'తాజా' అనే అర్థమున్న పాత గ్రీకు మాట నుంచి వచ్చింది, మనది ద్రావిడ పదం. మాట ఎంత పొట్టిదైతే ఇలాంటి పొంతనలు అంత సులువు.

వాడకంలోనూ తేడా ఉంది. ఫిన్లాండ్‌లో 'మొయ్ మొయ్' అంటే ఇక వెళ్ళొస్తా అని. ఉత్తర జర్మనీలో 'మొయిన్ మొయిన్' అన్నా పలకరింపే, కాకపోతే ఒక్కటి చాలు, రెండోది వాగుడు అని అక్కడివాళ్ళ జోకు.

నిజంగా 'ఉదయం' దాక్కున్న ఫిన్నిష్ పలకరింపు కావాలంటే ఫిన్లాండ్‌లోనే ఉన్న టాంపెరె నగరానికి వెళ్ళాలి. అక్కడి 'మొరొ' స్వీడిష్ వాళ్ళు ఉదయాన్ని వాడుకలో పిలిచే 'మొర్రొన్' నుంచి వచ్చింది. దాన్నీ రాత్రిపూట అనేస్తారు.